డిగ్రీ పాఠ్యప్రణాళికను పదిమంది కలిసి రాయాల్సి వచ్చినప్పుడు

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒక డిపార్ట్‌మెంట్ తన నాలుగేళ్ల డిగ్రీ సిలబస్‌ను పూర్తిగా తిరగరాయాలి. పదిమందికి పైగా అధ్యాపకులు, కొందరు పరిశ్రమవాళ్లు, విద్యార్థి ప్రతినిధులు కమిటీగా కూర్చుంటున్నారు. సమావేశాలైతే జరుగుతున్నాయి గానీ ఏదీ తేలడం లేదు. కొత్త టాపిక్‌లు చేరడం తప్ప మరేమీ కావడం లేదు. అందరి మాటా వినాలి, పనీ అవ్వాలి. ఎలా?

ఇలాంటి కమిటీలు దాదాపు ఎప్పుడూ ఒకే చోట చిక్కుకుంటాయి. మొదటి రోజే పాత సిలబస్ ప్రింటవుట్ బల్ల మీద పెట్టి "ఇందులో ఏం మారుద్దాం?" అంటారు. ఆ ప్రశ్న పడగానే కూర్చున్నవాళ్లంతా తలా ఒక పేపరుకు కాపలాదారులైపోతారు. ఒకరి పేపరు జోలికి ఇంకొకరు వెళ్లకపోవడం మర్యాద కిందికి వస్తుంది. చేర్చడానికి ఎవరూ అడ్డు చెప్పరు, తీయడానికి ఎవరూ ఒప్పుకోరు. అక్కడి నుంచి సిలబస్ లావెక్కుతుందే గానీ చిక్కదు.

దీనికి విరుగుడు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, ఏ నిర్ణయం ఎవరిదో ముందే కాగితం మీద పెట్టాలి. రెండు, చర్చ టాపిక్‌ల మీద కాకుండా విద్యార్థి గంటల మీద జరగాలి. టాపిక్‌లకు అంతు ఉండదు, గంటలకు ఉంటుంది. లెక్క తేలే వస్తువు మీద వాదిస్తే వాదన ఎక్కడో ఒక చోట ఆగుతుంది.

ముందు మనుషుల సంగతి. రాసే బృందం నలుగురు నుంచి ఆరుగురు దాటకూడదు. మిగతావాళ్లంతా సంప్రదించాల్సినవాళ్లు. ఈ తేడా చెప్పడానికి మొహమాటపడి వచ్చినవాళ్లందరినీ "సభ్యులు" అంటే వాళ్లందరికీ కుదిరే తారీఖు కోసమే సెమిస్టర్ గడిచిపోతుంది. ఆరుగురిలో ఒకరు మొదటి ఏడాది పాఠాలు చెప్పేవాళ్లు, ఒకరు చివరి ఏడాది ప్రాజెక్టులు చూసేవాళ్లు తప్పక ఉండాలి. డిగ్రీ రెండు కొసలూ ఒకదానికొకటి కనబడేది వీళ్ల వల్లే. చర్చ నడిపే మనిషి వేరే డిపార్ట్‌మెంట్ నుంచి వస్తే మంచిది. విషయం తెలియకపోవడమే ఆ మనిషికి అర్హత. "అది దేనికి?" అని సంకోచం లేకుండా అడగగలరు. డిపార్ట్‌మెంట్ అధిపతి చర్చ నడపకపోవడమే మేలు, ఎందుకంటే జూనియర్లు ఆయన ముఖం చూసి మాట్లాడతారు. పరీక్షల విభాగం నుంచి ఒకరిని, లైబ్రరీ నుంచి ఒకరిని మొదటి నుంచీ కలుపుకోండి. "ఈ రకం మూల్యాంకనానికి మా నిబంధనలు ఒప్పుకోవు" అన్న మాట ఎనిమిదో నెలలో వినడం కంటే రెండో నెలలో వినడం చవక.

తర్వాత నిర్ణయాల పట్టిక. ఒకే పేజీ చాలు. ఎడమ వైపు నిర్ణయాలు రాయండి: డిగ్రీ స్థాయి అభ్యసన ఫలితాలు (అంటే డిగ్రీ పూర్తయ్యేసరికి విద్యార్థి ఏమేం చేయగలగాలన్నది), కోర్సుల పేర్లు, క్రెడిట్లు, ఏ సెమిస్టర్‌లో ఏది, ఒక్కో కోర్సు లోపలి పాఠాలు, మూల్యాంకన పద్ధతి, పుస్తకాలు. ఒక్కోదాని ఎదురుగా ఎవరు ప్రతిపాదిస్తారు, ఎవరిని తప్పక అడగాలి, ఎవరు ఖాయం చేస్తారు అనే మూడు గళ్లు ఉండాలి. కోర్సు లోపలి పాఠాల నిర్ణయం ఆ కోర్సు చెప్పేవాళ్లకే వదిలేయండి. క్రెడిట్లు, ఫలితాలు, వరుస మాత్రం ఏ ఒక్క అధ్యాపకుడి చేతిలోనూ ఉండకూడదు. పరిశ్రమవాళ్లు, పూర్వ విద్యార్థులు చెప్పింది సలహా అవుతుందా, తీర్పు అవుతుందా అన్నది కూడా ఇక్కడే రాసెయ్యాలి. పిలిచి కూర్చోబెట్టి, చివరికి చెప్పింది పట్టించుకోకపోతే మరుసటి సారి వాళ్లు రారు. సలహా మాత్రమే అని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

ఇక్కడ బయటికి అనని విషయం ఒకటుంది. పేపరు తీసేస్తారంటే అధ్యాపకుడు విద్యా ప్రమాణాల గురించి వాదిస్తాడు. లోపల ఉన్న భయం మాత్రం తన పనిభారం తగ్గి, ఉద్యోగానికి ఎసరు వస్తుందేమోనని. ఆ భయాన్ని పక్కన పెట్టి ఎంత గొప్ప పద్ధతి తెచ్చినా పని జరగదు. పని మొదలు కాకముందే "ఈ మార్పు వల్ల వచ్చే రెండేళ్లు ఎవరి బోధన గంటలూ తగ్గించం, పేపరు పోయినవాళ్లకు కొత్త కోర్సుల్లో ముందు అవకాశం ఇస్తాం" అని అధిపతి లిఖితపూర్వకంగా చెప్పగలిగితే సగం గొడవ పుట్టదు. అలా చెప్పలేని పరిస్థితి అయితే అది కూడా దాచకుండా చెప్పడమే మంచిది.

మొదటి సమావేశానికి ముందు నెలా నెలన్నర సమాచారం పోగుచేయడానికి పెట్టుకోండి. గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు అన్నిటికంటే ముఖ్యం. సిలబస్‌లో ఏముందో కాదు, నిజంగా ఏం అడుగుతున్నారో అవే చెబుతాయి. "విశ్లేషణా సామర్థ్యం" అని రాసుకున్న పేపర్లో ప్రశ్నలన్నీ "నిర్వచించుము, వివరించుము" అయితే ఆ పేపరు నేర్పుతున్నది జ్ఞాపకశక్తినే. ఒక్కో కోర్సులో ఎంతమంది తప్పుతున్నారు, ఎక్కడ మానేస్తున్నారు అన్న లెక్క కూడా తీయండి. వీటితో పాటు ప్రతి అధ్యాపకుడినీ ఒకే ప్రశ్న అడగండి: మీ కోర్సుకు వచ్చే పిల్లలకు ముందే వచ్చి ఉండాల్సింది ఏది రావడం లేదు?

ఈ ప్రశ్నకు చక్కటి రూపం ఇచ్చింది ఇంజనీరింగ్ విద్యలో సీడీఐఓ (కన్సీవ్, డిజైన్, ఇంప్లిమెంట్, ఆపరేట్) అనే ఉద్యమం. 2000లో అమెరికాలోని ఎంఐటీ, స్వీడన్‌లోని చామర్స్, కేటీహెచ్, లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయాలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. అందులో వాడే ఒక అభ్యాసంలో ప్రతి కోర్సునూ మూసిన పెట్టెగా చూస్తారు. లోపల ఏం చెబుతారో అడగరు. ఒక వైపు పెట్టెలోకి రావాల్సినవి, రెండో వైపు పెట్టెలోంచి బయటికి వెళ్లేవి మాత్రమే రాస్తారు. ఒక్కో కోర్సుకు ఒక కార్డు. వాటిని సెమిస్టర్ వారీగా గోడకు అంటించి, కోర్సు చెప్పేవాళ్లంతా ఒకే గదిలో నిలబడి చదువుతారు. మూడు గంటల పని.

ఇది ఎంత బాగా పనిచేస్తుందో ఒక ఉదాహరణలో చూడండి. మూడో సెమిస్టర్ యాంత్రిక శాస్త్రం కార్డు మీద లోపలికి రావాల్సిన వాటిలో "సెకండ్ ఆర్డర్ అవకలన సమీకరణాలు, మూడో వారానికి" అని ఉంటుంది. పక్కనే అదే సెమిస్టర్ గణితం కార్డు మీద బయటికి వెళ్లేవాటిలో అదే అంశం ఉంటుంది, కానీ పదకొండో వారంలో. ఈ కోర్సులు చెప్పే ఇద్దరూ ఏళ్ల తరబడి అదే కారిడార్‌లో తిరుగుతున్నవాళ్లే. యాంత్రిక శాస్త్రం చెప్పేవాళ్లు రెండు వారాలు పాడుచేసుకుని తామే హడావిడిగా గణితం చెప్పుకుంటున్నారు. గణితంవాళ్లు పదకొండో వారంలో మళ్లీ మొదటి నుంచి చెబుతున్నారు. విద్యార్థి దాన్ని రెండు వేర్వేరు గుర్తులతో రెండు సార్లు నేర్చుకుని, రెండూ ఒకటేనని గుర్తించడు. కార్డులు పక్కపక్కన పెట్టగానే ఇద్దరూ ఆ అంశాన్ని గణితంలో నాలుగో వారానికి జరిపి, యాంత్రిక శాస్త్రంలో ఆ అధ్యాయాన్ని ఆరో వారానికి తోసి, ఒకే రకం గుర్తులు వాడదామని పావుగంటలో ఒప్పుకుంటారు. ఎవరి పేపరూ పోలేదు, క్రెడిట్ మారలేదు. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి చెప్పే కోర్సులున్న డిగ్రీ అయితే ఈ ఒక్క మధ్యాహ్నం మిగతా అన్ని సమావేశాల పెట్టు.

కార్డులు రాయించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. "గణితంలో మంచి పునాది" లాంటివి ఒప్పుకోవద్దు. పిల్లవాడికి వచ్చో రాదో ఒక ప్రశ్న ఇచ్చి తేల్చుకోగలిగినంత సూటిగా ఉండాలి. వీలైతే ఆ ప్రశ్ననే కార్డు వెనక రాయించండి.

పరిశ్రమవాళ్లతో జరిగే పొరపాటు వేరు. సాధారణంగా పెద్ద హోదాలో ఉన్నవాళ్లను పిలిచి "మీకు ఏం కావాలి?" అంటారు. వాళ్లు ఆ ఏడాది వాడుతున్న సాఫ్ట్‌వేర్ల జాబితా ఇస్తారు, దానికి "కమ్యూనికేషన్ స్కిల్స్" తగిలిస్తారు. మొదటి బ్యాచ్ పట్టా పుచ్చుకునేసరికి ఆ సాఫ్ట్‌వేర్ ఉంటుందో ఉండదో. పిలవాల్సింది ఆ పని చేతులారా చేసేవాళ్లనీ, కొత్తగా చేరినవాళ్ల పని రోజూ సరిదిద్దేవాళ్లనీ. అడగాల్సింది "చేరిన ఆరు నెలల్లో కొత్తవాళ్లు ఏ పని దగ్గర తడబడతారు? మీరు వెనక్కి పంపిన చివరి పని ఏది, ఎందుకు పంపారు?" అని. కెనడాలో 1960ల్లో పుట్టిన డాకమ్ (డెవలపింగ్ ఎ కరిక్యులమ్) పద్ధతి ఈ ఆలోచన మీదే నడుస్తుంది. అయిదుగురు నుంచి పన్నెండు మంది వరకు పనిమంతులను రెండు రోజులు కూర్చోబెట్టి, ముందు ఆ వృత్తిలోని పెద్ద బాధ్యతలు, తర్వాత ఒక్కో బాధ్యత కింద చేసే పనులు క్రియతో మొదలుపెట్టి చెప్పిస్తారు. అధ్యాపకులు ఉండొచ్చు, కానీ వెనక కూర్చుని వినాలి, నోరు విప్పకూడదు. చాలామందికి కష్టమైన భాగం అదే.

అయితే డాకమ్ పట్టీని నేరుగా సిలబస్ చేసేయకండి. వృత్తి కోర్సులకు అది బాగా అతుకుతుంది. సాహిత్యానికో, శుద్ధ గణితానికో, చరిత్రకో అది చాలీచాలని చొక్కా. అలాంటి చోట్ల "మీ విషయంలో పండినవాళ్లు ఒక కొత్త గ్రంథం చేతికొస్తే మొదట ఏం చేస్తారు? రెండో ఏడాది విద్యార్థి ఏం చేస్తాడు?" అన్న తేడా మీద చర్చ పెట్టడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఇండియానా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న డీకోడింగ్ ది డిసిప్లిన్స్ పద్ధతి ఇదే చేస్తుంది. విద్యార్థులు పదేపదే ఇరుక్కునే ఒక చోటు తీసుకుంటారు. ఆ పాఠం చెప్పే నిపుణుడిని, ఆ విషయం తెలియని ఇద్దరు సహోద్యోగులు గంటసేపు ఇంటర్వ్యూ చేస్తారు. "అది మీకెలా తెలిసింది? ఆ ముందు ఏం చూశారు?" అని వదలకుండా అడుగుతారు. నిపుణుడికి అలవాటైపోయి కనబడని మెట్లు అప్పుడు బయటపడతాయి. సిలబస్‌లో ఎక్కడా లేకపోయినా అసలు నేర్పాల్సినవి తరచుగా ఆ మెట్లే.

ఇంత సమాచారం చేతికొచ్చాక డిగ్రీ స్థాయి ఫలితాలు రాయండి. ఎనిమిదికి అటూ ఇటూగా ఉంటే చాలు. పదిహేను దాటితే ఎవరికీ గుర్తుండవు, గుర్తులేనివి ఎవరూ నేర్పరు. వాక్యం రాసేది ఒకరే కావాలి. పదిమంది కలిసి ఒక వాక్యం రాస్తే అందులో పది విశేషణాలుంటాయి. ఒకరు రాసి తేవాలి, మిగతావాళ్లు ఒకే పరీక్ష పెట్టాలి: ఇది సాధించిన విద్యార్థినీ సాధించని విద్యార్థినీ పక్కపక్కన నిలబెడితే, ఏ పని చేయించి తేడా పట్టుకుంటాం? "పరిశోధనా దృక్పథం అలవరచుకుంటారు" ఈ పరీక్షలో నిలవదు. "ప్రచురితమైన ఒక అధ్యయనంలో నమూనా ఎంపిక వల్ల నిర్ధారణ ఎక్కడ బలహీనపడిందో చూపించి, సరిదిద్దే మార్గం సూచిస్తారు" నిలుస్తుంది, ఎందుకంటే అది చదవగానే పరీక్ష ఎలా పెట్టాలో తెలిసిపోతుంది. అభ్యసన లక్ష్యాలను మెట్లుగా విడదీసిన 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ నుంచి క్రియల జాబితా తెచ్చి అంటించడం వల్ల ఈ పని జరగదు. "విశ్లేషిస్తారు" అని రాసినంత మాత్రాన విశ్లేషణ రాదు. విద్యా పరిశోధకుడు జాన్ బిగ్స్ 1996లో కన్‌స్ట్రక్టివ్ అలైన్‌మెంట్ పేరుతో చెప్పింది ఈ లంకె గురించే: ఫలితం, దాన్ని సాధన చేయించే పని, దాన్ని కొలిచే పరీక్ష మూడూ ఒకే క్రియ మీద నడవాలి.

ఆ తర్వాత మాత్రిక. అడ్డంగా ఫలితాలు, నిలువుగా కోర్సులు. గడిలో మూడు అక్షరాల్లో ఒకటే ఉండాలి: ప అంటే పరిచయం, సా అంటే సాధన, ప్రా అంటే ప్రావీణ్యం చూపడం. ఇది అందరూ చేసేదే, దాదాపు అందరూ పాడుచేసేదే. ఎవరి కోర్సు గొప్పగా కనబడాలని వాళ్లు అన్ని గళ్లలోనూ టిక్కులు పెడతారు, మాత్రిక నిండిపోతుంది, అప్పుడది ఏమీ చెప్పదు. అందుకని రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. ఒక కోర్సు మూడు ఫలితాలకు మించి తనవని చెప్పుకోకూడదు. "ప్రా" అని రాస్తే పక్కనే ఏ పరీక్షలో, ఏ ప్రాజెక్టులో అది కొలుస్తారో పేరు రాయాలి. ఈ రెండో నియమం పెట్టగానే సగం "ప్రా"లు "సా"లవుతాయి.

అప్పుడు మాత్రికను అడ్డంగా కాదు, ఫలితం వెంట కిందికి చదవండి. "రాతలో వాదన నిలబెట్టడం" అనే ఫలితం కింద ఏడు చోట్ల "ప" ఉండి ఒక్క "సా" కూడా లేకపోతే, ఏడుగురూ అదే మొదటి పాఠం చెబుతున్నారు, ఎవరూ దిద్దడం లేదని అర్థం. ఒక్కసారిగా చివరి ఏడాదిలో "ప్రా" కనబడి ముందు ఏమీ లేకపోతే, ఆ ప్రాజెక్టు రిపోర్టులు ఎందుకంత అధ్వానంగా వస్తున్నాయో అక్కడే తెలుస్తుంది.

ఇక గంటల లెక్క. ఐరోపా క్రెడిట్ విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు విద్యార్థి మొత్తం పని 25 నుంచి 30 గంటలు. మీ విశ్వవిద్యాలయం లెక్క వేరే కావచ్చు. తరగతి గంటల మీద మాత్రమే క్రెడిట్ ఇచ్చే చోట అయినా ఈ పద్ధతిలో ఒకసారి వేసుకోవడం మంచిది. 6 క్రెడిట్ల కోర్సంటే తక్కువలో తక్కువ 150 గంటలు అనుకుందాం. 14 వారాలు, వారానికి 4 గంటల తరగతి: 56. పది ల్యాబ్ రిపోర్టులు, ఒక్కోటి 3 గంటలు: 30. వారానికి 2 గంటల చదువు: 28. మధ్యంతర పరీక్షకు 10, ప్రాజెక్టుకు 25, చివరి పరీక్షకు 20. కూడితే 169. పంతొమ్మిది గంటలు ఎక్కువ. విద్యార్థి ఆ పంతొమ్మిది గంటలూ ఎక్కడో ఒక చోట ఎగ్గొడతాడు, సాధారణంగా వారంవారం చదువులో. ఆ తర్వాత "పిల్లలు చదవడం లేదు" అనుకుంటాం.

లెక్క బోర్డు మీద రాశాక మాటల తీరే మారుతుంది. "మీ టాపిక్ అనవసరం" అని ఎవరూ ఎవరినీ అనాల్సిన పనిలేదు. పది రిపోర్టుల్లో నాలుగింటిని ఒక పేజీ ఫలితాల పట్టికగా మార్చితే ఒక్కోదానికి రెండు గంటలు మిగులుతాయి, మొత్తం 8. మధ్యంతర పరీక్ష తీసి ప్రాజెక్టులో మధ్య సమీక్ష పెడితే ఇంకో 10. మిగిలిన ఒక గంట గురించి ఎవరూ కొట్టుకోరు. గంటలు అంచనా వేసేటప్పుడు అధ్యాపకుడు తనకు పట్టే సమయం వేసుకోకూడదు. 20 పేజీల వ్యాసం మీకు నలభై నిమిషాలు, రెండో ఏడాది విద్యార్థికి మూడు గంటలు. ఈ అంకెలు విద్యార్థులనే అడగాలి.

అలాగే సెమిస్టర్ మొత్తానికి ఒక మూల్యాంకన క్యాలెండర్ గీయండి, పక్కపక్కన అన్ని కోర్సులూ ఉండేలా. విడివిడిగా చూస్తే ప్రతి కోర్సూ సబబుగానే ఉంటుంది. కలిపి చూస్తే ఎనిమిదో వారంలో అయిదు మధ్యంతరాలు, పన్నెండో వారంలో నాలుగు ప్రాజెక్టులు కుప్పపడి ఉంటాయి. దీన్ని సర్దడానికి వాదన అక్కర్లేదు, చూస్తే చాలు.

విద్యార్థుల విషయం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే మొక్కుబడిగా జరిగేది ఎక్కువగా ఇదే. ఒక్క ప్రతినిధిని తీసుకొచ్చి పన్నెండు మంది ప్రొఫెసర్ల మధ్య కూర్చోబెట్టి "నీ అభిప్రాయం ఏమిటి?" అంటే "అంతా బాగుంది సార్" అంటాడు. ఇంకేమంటాడు? ఆ పన్నెండు మందిలో ముగ్గురు వచ్చే నెల అతని పేపర్లు దిద్దుతారు. కనీసం ముగ్గురు ఉండాలి: ఒకరు సగం డిగ్రీ దాటినవాళ్లు, ఒకరు పట్టా పుచ్చుకుని ఒకటి రెండేళ్లయినవాళ్లు, ఒకరు ఏదో ఒక కోర్సు తప్పి మళ్లీ రాసినవాళ్లు. మూడో మనిషి దగ్గర దొరికే సమాచారం ర్యాంకర్ల దగ్గర దొరకదు. సమావేశానికి ముందు అరగంట వాళ్లతో విడిగా కూర్చుని ఈ పత్రాలేమిటో, మాత్రిక ఎలా చదవాలో చెప్పండి. అడిగేటప్పుడు అభిప్రాయం కాదు, జరిగింది అడగండి. ఏ రెండు కోర్సుల్లో ఒకే పాఠం వచ్చింది? దేనికి ఎక్కువ సమయం పోయింది, ఏది చదవకుండానే గట్టెక్కారు? "గట్టెక్కారు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు చాలా విలువైనవి. తరగతి అంతా చేత్తో రాసి పేరు లేకుండా ఇచ్చిన జవాబులు ముందే తెప్పించుకుంటే, ప్రతినిధి తన మాటగా కాక తరగతి మాటగా చెప్పగలడు. వాళ్ల సమయానికి డబ్బో, క్రెడిట్టో, కనీసం ఒక ధ్రువపత్రమో ఇవ్వండి.

సమావేశంలో కూడా వరుస ముఖ్యం. ప్రతి అంశానికీ ముందు ఏడెనిమిది నిమిషాలు మాటల్లేకుండా కాగితం మీద రాయడం, తర్వాత అందరికంటే జూనియర్ నుంచి మొదలుపెట్టి చదవడం. ఇది లేకపోతే మొదట మాట్లాడినవారి మాట చుట్టూనే గంట గడుస్తుంది. ఓటింగ్ పెట్టకండి. ఓటు వస్తే బేరం వస్తుంది, "నా ఎలెక్టివ్‌కు మీరు చెయ్యెత్తితే మీ ల్యాబ్‌కు నేనెత్తుతా." దాని బదులు "దీనితో బతకగలరా?" అని అడగండి. నచ్చకపోయినా బతకగలమంటే ముందుకు వెళ్లండి. బతకలేమన్నవాళ్లు కారణం రాసిస్తే అది నిర్ణయాల పుస్తకంలో అలాగే ఎక్కించండి. ఆ పుస్తకం తప్పనిసరి: తారీఖు, నిర్ణయం, కారణం, ఒప్పుకోనివారి మాట. నాలుగు నెలల తర్వాత ఎవరో వచ్చి తేలిపోయిన విషయం మళ్లీ తిరగదోడినప్పుడు, "కొత్త సమాచారం ఏమైనా ఉందా?" అని అడిగి పుస్తకం చూపిస్తే సరిపోతుంది.

ఒక్కో కోర్సు లోపలికి వెళ్లాక పెద్ద కమిటీ అక్కర్లేదు. కోర్సు చెప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు, ఒక విద్యార్థి, బోధనా సాంకేతికత తెలిసినవారు ఒకరు చాలు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో రూపొందిన ఏబీసీ లెర్నింగ్ డిజైన్ వర్క్‌షాపు దీనికి బాగా సరిపోతుంది, తొంభై నిమిషాల్లో అయిపోతుంది. డయానా లారిలార్డ్ చెప్పిన ఆరు రకాల అభ్యసనాలకు (గ్రహించడం, అన్వేషణ, చర్చ, సాధన, సహకారం, సృజించి చూపడం) ఆరు రంగుల కార్డులుంటాయి. ముందు కోర్సు దేనికో ఒకటి రెండు వాక్యాల్లో రాస్తారు. తర్వాత వారం వారానికీ కార్డులు పరుస్తారు. తర్వాత ఏ కార్డు దగ్గర మార్కులు, ఏ కార్డు దగ్గర మార్కుల్లేని వ్యాఖ్య అని గుర్తులు పెడతారు. పరిచిన వరుస అంతా ఒకే రంగులో ఉంటే ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఉపన్యాసం మీద ఉపన్యాసమే ఉందని పాఠం చెప్పేవాళ్లకే కనబడుతుంది. దీనితో వచ్చే చిక్కు ఒక్కటే. అందరికీ సరదాగా ఉంటుంది, ఫొటో తీసుకుంటారు, ఆ ఫొటో ఫోన్లోనే ఉండిపోతుంది. ఆఖరి పది నిమిషాలు ఎవరు ఏది ఏ తారీఖుకు తయారుచేస్తారో రాయడానికి కేటాయించండి. అలాగే దీన్ని డిగ్రీ మొత్తానికి వాడకండి, అది కోర్సు కొలతకు కుట్టింది.

పత్రాల నిర్వహణ చిన్న విషయంగా కనిపించి చివర్లో పెద్దగా తగులుతుంది. ఒకే ఫైలు, ఒకే చోట. మార్చే అధికారం ఒకరికే, మిగతావాళ్లు వ్యాఖ్యలు పెట్టొచ్చు. ఈమెయిల్‌లో "ఫైనల్", "ఫైనల్ కొత్తది" అని తిరిగే ఫైళ్ల వల్ల ఆమోదానికి వెళ్లిన ప్రతిలో పాత క్రెడిట్లు, తరగతిలో కొత్త క్రెడిట్లు ఉండిపోయి, మార్కుల పట్టీల దగ్గర బయటపడుతుంది.

కాలం లెక్క వెనక నుంచి వేయండి. కొత్త బ్యాచ్ చేరే తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తూ ప్రవేశ ప్రకటన, అకడమిక్ కౌన్సిల్ సమావేశం, దానికి ముందు పత్రాలు అందజేయాల్సిన గడువు గుర్తించుకుంటే మీకు నిజంగా ఉన్న సమయం తెలుస్తుంది. తొమ్మిది నెలల కంటే తక్కువ ఉంటే మొత్తం డిగ్రీ కాదు, మొదటి రెండేళ్లు మాత్రమే తిరగరాయండి. ఎక్కువ ఉన్నా మూడో ఏడాది, నాలుగో ఏడాది కోర్సులకు ఇప్పుడే వారంవారం పాఠాలు రాసేయకండి. ఫలితాలు, గంటలు, లోపలికీ బయటికీ వెళ్లేవి ఖాయం చేసి వదిలేయండి. మొదటి బ్యాచ్ ఒక ఏడాది చదివాక వాటి రూపం మారుతుంది.

మారే కాలంలో ఇరుక్కునేవాళ్లను మరిచిపోవద్దు. పాత పద్ధతిలో ఒక పేపరు తప్పి, ఆ పేపరే ఇప్పుడు లేని విద్యార్థి ఏం రాయాలి? దీనికి సమాన విలువ గల పేపర్ల పట్టిక ఆమోదానికి వెళ్లే పత్రంలోనే ఉండాలి: పాత కోడ్, దాని బదులు కొత్త కోడ్, పాత పరీక్ష చివరిసారి ఎప్పుడు పెడతారు. రెండు పాత పేపర్లు కలిసి ఒకటైన చోట, అందులో ఒకటే పాసైన విద్యార్థి సంగతి ప్రత్యేకంగా రాయండి, లేకపోతే ఒక్కో దరఖాస్తు మీద ఒక్కో తీర్పు వస్తుంది.

అమల్లోకి వచ్చాక ప్రతి సెమిస్టర్ చివర ఒక్క సమావేశం, గంటన్నర. ముందు పెట్టాల్సిన కాగితాలు మూడే. చివరి పరీక్షలో ప్రశ్నవారీ మార్కులు, మొత్తం మార్కులు కాదు. అయిదో వారంలోనూ పదకొండో వారంలోనూ విద్యార్థులు చెప్పిన గంటలు. మూడోది, తర్వాతి కోర్సు చెప్పేవాళ్లు మొదటి రెండు వారాల్లో పెట్టిన పది ప్రశ్నల చిన్న పరీక్ష ఫలితం. ఆ పది ప్రశ్నలూ కొత్తగా తయారుచేయనక్కర్లేదు, గోడకు అంటించిన కార్డుల వెనక రాయించినవే తీసి వాడుకోవచ్చు. ఏ ప్రశ్న దగ్గర తరగతిలో సగం మంది ఆగిపోయారో ఆ ప్రశ్న కార్డు తీసుకుని ముందు కోర్సు చెప్పినవారి దగ్గరకు వెళ్లండి, కమిటీకి కాదు. ఇద్దరి మధ్య తేలిపోయేదాన్ని పదిమంది ముందు పెడితే మళ్లీ ఎవరి పేపరు వాళ్లు కాపాడుకోవడం మొదలవుతుంది.